గుంటూరు కుళాయి నీళ్లు ఎక్కడ చెడుతున్నాయి?

గుంటూరులో మంచినీళ్ల ప్రస్తావన వస్తే చాలు, మాట టీడీఎస్ మీదికి, అంటే లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెప్పే అంకె మీదికి, పోతుంది. మా బోరు వెయ్యి దాటింది, కార్పొరేషన్ నీళ్లు కాస్త నయం, క్యాను నీళ్లు యాభై లోపే అని లెక్కలు చెప్పుకోవడం ఇంటింటా అలవాటైంది. ఆ అంకె తగ్గితే నీళ్లు మంచివి, పెరిగితే చెడ్డవి అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. కానీ 2018 మార్చిలో ఆనందపేట, దాని చుట్టుపక్కల పేటల్లో వాంతులు, విరేచనాలతో వందల మంది ఆసుపత్రుల పాలై, పదిమందికి పైగా చనిపోయినప్పుడు వాళ్ల ప్రాణం తీసింది నీళ్లలోని ఉప్పు కాదు. తాగునీటి గొట్టంలోకి చేరిన మురుగు. 2024 వేసవిలో విజయవాడ మొగల్రాజపురంలో జనం వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డప్పుడూ అందరి వేలూ కుళాయి వైపే చూపించింది.

ఉప్పుకూ మురుగుకూ తేడా ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. 400 టీడీఎస్ ఉన్న కుళాయి నీళ్లలో 800 టీడీఎస్ ఉన్న మురుగు నూటికి ఒక పాలు కలిసిందనుకుందాం. మీటరు 404 చూపిస్తుంది. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా చూపించే మీటరులో ఆ నాలుగు ఎవరి కంటా పడదు. కానీ ఇళ్లనుంచి వచ్చే మురుగులో, 100 మిల్లీలీటర్లకు, మనిషి పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా లక్షల నుంచి కోట్ల దాకా ఉంటుంది. నూరో వంతు కలిసినా గ్లాసు నీళ్లలోకి వేలూ లక్షలూ చేరిపోతాయి. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఆ బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. టీడీఎస్ విషయంలో అదే ప్రమాణం ఎంతో ఉదారంగా ఉంటుంది. 500 దాకా మంచిదే, వేరే నీటి వసతి లేకపోతే 2,000 వరకూ సరే అంటుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఏది, నాలుకకు రుచించనిది ఏది అన్న తేడా ఆ కాగితం మీదే ఉంది. ఊళ్లో జరుగుతున్న చర్చ మాత్రం తలకిందులుగా ఉంది.

ఇంతకీ నీళ్లు చెడేది ఎక్కడ? చాలామంది కృష్ణానదినే అనుమానిస్తారు. నది శుభ్రంగా ఉందని ఎవరూ అనరు. ఎగువనున్న ఊళ్ల మురుగు, పొలాల మందులు, ఎరువులు అన్నీ అందులోకే వస్తాయి. వాటి మీద నిఘా వేరే పెద్ద పని. కానీ గుంటూరుకు వచ్చే నీళ్లు నదినుంచి నేరుగా బిందెలోకి రావు. ప్రకాశం బ్యారేజీకి దగ్గర్లోని ఉండవల్లిలో తోడిన నీళ్లు తక్కెళ్లపాడు శుద్ధి కేంద్రానికి చేరతాయి. సంగం జాగర్లమూడి వైపునుంచి మరికొన్ని వస్తాయి. అక్కడ పటిక కలిపి ఒండ్రును ముద్దలు కట్టించి అడుక్కి దింపుతారు. తేరిన నీటిని ఇసుక పడకల గుండా దించుతారు. చివర క్లోరిన్ పెట్టి ఊళ్లోని ఓవర్‌హెడ్ ట్యాంకులకు పంపుతారు. నూరేళ్లకు పైగా ప్రపంచమంతా నమ్ముకున్న పద్ధతి ఇదే. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద పారినప్పటి లాంటి బురద నీటిని తేర్చడం కష్టమే అయినా, అది ఇంజనీర్లకు తెలిసిన కష్టం. కళ్ల ముందు, ఒకే ఆవరణలో, కొలతలు తీసుకుంటూ చేసే పని. అందులో లోపం జరిగితే ఊరంతా ఒకేసారి జబ్బు పడుతుంది.

ఆనందపేట లాంటి చోట్ల అలా జరగలేదు. జబ్బు కొన్ని పేటలకే, కొన్ని వీధులకే పరిమితమైంది. అవే ట్యాంకుల నీళ్లు తాగిన పక్క పేటల్లో ఏమీ కాలేదంటే, చెడు కలిసింది ట్యాంకు దాటాక, కుళాయికి ముందు. అక్కడేం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి.

మన ఊళ్లలో నీళ్లు ఇరవైనాలుగు గంటలూ రావు. పొద్దున ఓ గంట, కొన్నిచోట్ల సాయంత్రం మరో గంట వదులుతారు. నీళ్లు వదిలిన ఆ గంటలో గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. గొట్టానికి ఎక్కడైనా చిల్లుంటే నీళ్లు బయటికి చిమ్ముతాయి, రోడ్డు తడుస్తుంది, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. అంతవరకు నష్టం నీటికే. వాల్వు కట్టేశాక కథ మారిపోతుంది. పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లు మిగిలిన నీళ్లు పట్టుకుంటూ ఉంటే గొట్టం ఖాళీ అవుతుంది, లోపల శూన్యం ఏర్పడుతుంది. అప్పటిదాకా నీళ్లు బయటికి చిమ్మిన చిల్లే ఇప్పుడు చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ తడి ఏమిటన్నది గొట్టం ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

అది ఎక్కడ ఉంటుందో తెలుసుకోవాలంటే పాత పేటల్లో ఏ వీధికైనా వెళ్లి, సైడు కాల్వలోకి వంగి చూస్తే చాలు. మెయిన్ లైను రోడ్డు కింద ఉంటుంది, ఇల్లు కాల్వకు అవతల ఉంటుంది. మధ్యలో కాల్వను దాటక తప్పదు కాబట్టి, ఇంటి కనెక్షన్ ఇచ్చే అరంగుళం జీఐ గొట్టం, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టం, కాల్వ గోడకు ఒకవైపు బొక్క పెట్టుకుని వచ్చి, మురుగులోంచే ఈది, రెండో గోడలోంచి ఇంట్లోకి పోతుంది. వరసగా పది ఇళ్లుంటే పది గొట్టాలు. వాటికి ప్లాస్టిక్ కవర్లు, చెత్త చుట్టుకుని మురుగు అక్కడే ఆగుతుంది. పూడిక తీసేవాళ్ల పార వాటికే తగులుతుంది. మురుగు నీటి తాకిడికి జింకు పూత పోయి లోపలి ఇనుము తుప్పు పట్టి, కొన్నేళ్లకు సూది మొనంత చిల్లు పడుతుంది. సూది మొనంత చిల్లులోంచి నీళ్లు వదిలిన గంటలో పోయే నీరు ఎవరికీ కనపడదు, ఎందుకంటే అది పోయేది కాల్వలోకే. కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. మిగిలిన ఇరవై చిల్లర గంటలూ ఆ చిల్లు మురుగులో మునిగే ఉంటుంది.

ఇంకో దృశ్యం కుళాయి గుంట. ఒత్తిడి చాలక నీళ్లు పైకెక్కని వీధుల్లో, గొట్టాన్ని నేలమట్టానికి దిగువన కోసి, చుట్టూ అడుగున్నర లోతు గుంట తవ్వి, అందులో బిందె పెట్టి పట్టుకుంటారు. చాలా గుంటల్లో కుళాయికి బిరడా కూడా ఉండదు. బిందె కడిగిన నీళ్లు, వానకు కొట్టుకొచ్చిన బురద, పక్కనే కడిగిన అంట్ల నీళ్లు అందులోనే నిలుస్తాయి. గొట్టం మూతి ఆ నీళ్లలో మునిగి ఉన్నప్పుడు వాల్వు కడితే, ఆ గుంట నీళ్లు గొట్టంలోకే వెళతాయి. మర్నాడు పొద్దున అవి ముందుగా చేరేది పల్లంలో ఉన్న పొరుగింటికి. నీళ్లందక గుంట తవ్వుకున్న పేదవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఒత్తిడి ఉంటే వాళ్లు గుంట తవ్వే పనే ఉండదు.

లైనుకు నేరుగా మోటారు బిగించేవాళ్ల సంగతి వేరు. సంపులోకి దిగిన నీటిని మేడమీది ట్యాంకుకు ఎక్కించుకోవడానికి మోటారు వాడితే ఎవరికీ నష్టం లేదు. కార్పొరేషన్ గొట్టానికే మోటారు తగిలించి లాగితే, నీళ్లు వస్తున్న గంటలో కూడా ఆ వీధి లైనులో ఒత్తిడి పడిపోతుంది. అంటే రోజంతటిలో గొట్టానికి రక్షణ ఉన్న ఆ కాస్త సమయం కూడా పోతుంది. ఆ మోటారు లాగేది నీళ్లను ఒక్కటే కాదు, దారిలో ప్రతి చిల్లు దగ్గరున్న మురుగును కూడా. వీధిలో ఒకరు మోటారు పెట్టగానే తక్కినవాళ్లకు నీళ్లందవు, వాళ్లూ పెడతారు. చివరికి మోటారు కొనలేని ఇల్లు ఆ లైను చిట్టచివర మిగులుతుంది. నీళ్లు తక్కువ అందేదీ, ఎక్కువ చెడి అందేదీ ఆ ఇంటికే.

ఇదంతా ఊహ కాదని కర్ణాటకలో ఒక పరిశోధన చూపించింది. హుబ్బళ్లి-ధార్వాడలో కొన్ని వార్డులకు రోజంతా నీళ్లు ఇస్తూ, మిగతా ఊరికి పాత పద్ధతిలోనే వదులుతున్న కాలంలో రెండు చోట్లా కుళాయి నమూనాలు తీసి పోల్చారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రోజంతా వచ్చే కుళాయిల్లో ఇ.కోలై దొరికిన నమూనాలు నూటికి ఒకటి కూడా లేవు. విడతలుగా వదిలే కుళాయిల్లో దాదాపు మూడింట ఒక వంతులో దొరికింది. ఊరు అదే. తేడా అంతా గొట్టంలో ఒత్తిడి నిలబడటంలో, లైను ఆగకపోవడంలో ఉంది. నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో వచ్చేవే ఎక్కువ చెడ్డవని కూడా అదే ఊళ్లో జరిగిన తర్వాతి పరిశీలన తేల్చింది. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. మొదటి బిందె వాకిలికి, రెండోది అంట్లకు, ఆ తర్వాతే తాగడానికి.

ఇక క్లోరిన్. దీని గురించి ఉన్నంత అపార్థం మరి దేని మీదా లేదు. శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవులను చంపడంతో దాని పని అయిపోదు. కొంత మిగిలి, గొట్టంలో ప్రయాణించి, కుళాయి దాకా నీళ్లకు కాపలా వచ్చేలా మోతాదు వేస్తారు. దాన్ని అవశేష క్లోరిన్ అంటారు. ప్రమాణం ప్రకారం చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. దారిలో మురుగు కలిసిందంటే క్లోరిన్ ముందు ఆ మలినం మీద ఖర్చయిపోతుంది. అందుకే చివరి కుళాయిలో క్లోరిన్ సున్నా అయితే రెండే అర్థాలు: కాపలా దారిలోనే అయిపోయిందనైనా, దారిలో ఏదో కలిసిందనైనా. రెండూ ప్రమాదమే. మన ఎండలకు క్లోరిన్ ఇంకా తొందరగా హరించుకుపోతుంది. సరిగ్గా అదే నెలల్లో నీళ్ల సరఫరా కూడా తగ్గి గొట్టాలు ఎక్కువసేపు ఖాళీగా ఉంటాయి. వేసవిలోనూ తొలకరిలోనూ విరేచనాల కేసులు ముంచుకురావడంలో వింతేమీ లేదు.

దీన్ని కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి, ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం నాలుగైదు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి ఎంత ఉందో చెప్పొచ్చు. రంగు తిరగలేదంటే ఆ నీళ్లకు కాపలా లేనట్టే. మొత్తం పరీక్షకు పట్టేది ఒకటి రెండు నిమిషాలు. ఇంత తేలిక పరీక్ష ఉండగా, బ్లీచింగ్ వాసన వస్తోందని నీళ్లు పారబోసి, ఏ వాసనా లేని నీళ్లను నమ్మి తాగడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ వాసన నచ్చకపోతే పలచటి గుడ్డ కప్పి బిందెను కాసేపు ఉంచితే తగ్గిపోతుంది.

చెడిన నీళ్లకు, జబ్బుకు మధ్య సంబంధం కూడా చాలాసార్లు తప్పిపోతుంది. కలరా గంటల్లో నుంచి ఐదు రోజుల్లోపు బయటపడుతుంది కాబట్టి జనం నీళ్లను అనుమానిస్తారు. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. మురుగు కలిసిన నీళ్లతో వచ్చే పచ్చకామెర్లు, అంటే హెపటైటిస్ ఎ, ఇ రకాలు, రెండు వారాలనుంచి రెండు నెలల తర్వాత కనిపిస్తాయి. లైను లీకయి బాగు చేసేసిన నెలకు వీధిలో నలుగురికి కామెర్లు వస్తే, దాన్ని ఆ లీకుతో ముడిపెట్టేవాళ్లుండరు. పసరు మందుకు పోతారు. హెపటైటిస్ ఇ గర్భిణులకు, ముఖ్యంగా చివరి నెలల్లో, ప్రాణాంతకం. 1955-56లో యమునలో కలిసిన మురుగు నీటి శుద్ధి కేంద్రంలోకి చేరి ఢిల్లీలో దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అప్పటి దెబ్బ ఈ వైరస్‌దేనని తర్వాతెప్పుడో తెలిసింది. కాబట్టి ఒక వీధిలో కామెర్ల కేసులు కనపడితే ఆరోగ్య సిబ్బంది వెనక్కి తిరిగి రెండు నెలల లీకేజీ ఫిర్యాదులు తిరగేయాలి. ఆ ఫిర్యాదుల పుస్తకం ఇంజనీరింగ్ విభాగంలో ఉంటుంది, కేసుల లెక్క ప్రజారోగ్య విభాగంలో ఉంటుంది. ఆ రెండు కాగితాలనూ ఒకే బల్ల మీద పెట్టి చూసే ఏర్పాటు ఉంటేనే ఇలాంటివి బయటపడతాయి.

ఇప్పుడు మళ్లీ టీడీఎస్ దగ్గరికి. ఈ అంకె మీద భయం దానంతటదే పుట్టలేదు. నీళ్లను సన్నని పొర గుండా తోసి లవణాలు తీసేసే ఆర్వో మిషన్లు అమ్మేవాళ్లు ఇంటికొచ్చి చేసే ప్రదర్శన ఒకటుంది. రెండు గ్లాసుల్లో ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో ఆర్వో నీళ్లు పోసి, నాలుగు కడ్డీలున్న పరికరాన్ని ముంచి కరెంటు పెడతారు. నిమిషంలో కుళాయి నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగి పైన తెట్టు కడతాయి. ఆర్వో నీళ్లు తేటగా ఉండిపోతాయి. ఇన్నాళ్లూ మీరు తాగిన చెత్త ఇదే అంటారు. నిజానికి ఆ ఎరుపు నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది, కడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు లేవు కాబట్టి కరెంటు పారదు, రంగు రాదు. ఆర్వో నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమంటే అవీ ఎర్రబడతాయి. చదువుకున్నవాళ్లు కూడా ఆ ఎరుపు చూసి అప్పటికప్పుడు వేల రూపాయలు పెట్టి మిషను కొంటున్నారు.

ఆర్వో అనవసరమని దీని అర్థం కాదు. గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, పల్నాడు వైపు ఫ్లోరైడు ఉంది. అలాంటి నీళ్లు తప్ప వేరే దిక్కులేని ఇంటికి ఆర్వో నిజంగా అవసరం. తేటనీళ్లొచ్చే కృష్ణా కుళాయికి దాన్ని బిగించడంలోనే అర్థం లేదు. 500 కంటే తక్కువ టీడీఎస్ ఉన్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది కూడా. ఇంటి మిషన్లు ఒక లీటరు ఇవ్వడానికి అంతకంటే ఎక్కువే బయటికి పారబోస్తాయి. వేసవిలో బిందెల కోసం వరసలో నిలబడే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

క్యాను నీళ్ల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. క్లోరిన్ తగిలితే ఆర్వో పొర పాడవుతుంది కాబట్టి, దానికి ముందే కార్బన్ ఫిల్టరుతో క్లోరిన్‌ను తీసేస్తారు. ప్లాంటులోంచి బయటికొచ్చిన నీళ్లు ఎంత తేటగా ఉన్నా వాటికి కాపలా లేదు. ఆపైన పట్టిన క్యాను శుభ్రంగా లేకపోయినా, మూత పెట్టే చేయి మురికిదైనా, ఇంట్లో ఆ క్యానును వారం రోజులు తెరిచి ఉంచినా పడిన సూక్ష్మజీవులు పెరగడానికి అడ్డేమీ ఉండదు. ఎన్ని ఇళ్లు తిరిగి వచ్చిందో తెలియని ఇరవై లీటర్ల క్యాను లోపలి గోడను వేలితో రుద్దితే కొన్నిసార్లు జిగురు తగులుతుంది. ఆ పొరే సూక్ష్మజీవుల ఇల్లు. సీలు వేసి అమ్మే నీళ్లకు ఐఎస్ 14543 అనే ప్రమాణం ఉంది. వీధి చివర ప్లాంటులో మూత బిగించి ఇచ్చే చాలా క్యాన్ల మీద అలాంటి ఏ ముద్రా ఉండదు.

అపార్టుమెంట్లలో చెడేది ఎక్కువగా సంపులోనే. కార్పొరేషన్ నీళ్లు, ట్యాంకరు నీళ్లు, బోరు నీళ్లు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. సెప్టిక్ ట్యాంకుకు నాలుగు గజాల దూరంలో, పార్కింగు కింద, పగిలిన మూతతో ఉండే సంపులో క్లోరిన్ గంటల్లో పోతుంది. 2024లో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు, వరద తీశాక కూడా మునిగిన సంపు కడిగించేదాకా కుళాయి తిప్పడానికి లేకపోయింది. వరద రాకపోయినా ఏడాదికి రెండుసార్లు సంపు, పైట్యాంకు కడిగించి, బ్లీచింగ్ నీటితో తుడిపించడం అసోసియేషన్లు పెట్టుకోవాల్సిన ఖర్చు. లిఫ్టు సర్వీసింగుకు డబ్బు కట్టే చోట దీనికి మాత్రం ఎవరూ నోరు మెదపరు.

ఇంట్లో చేయగలిగింది తక్కువేమీ కాదు. నీళ్లు మొదలైన కొద్ది నిమిషాలు వేరే పనులకు పట్టుకోవడం, అనుమానం ఉన్న రోజుల్లో నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం అలాగే మరగనివ్వడం, చల్లారాక అదే గిన్నెలో మూతపెట్టి ఉంచడం, చేయి ముంచకుండా పంపు ఉన్న కూజా వాడటం. కాచిన నీళ్లలోనూ క్లోరిన్ ఉండదు కాబట్టి రెండో రోజుకు దాచుకోకపోవడమే మేలు. వాంతులు, విరేచనాలు మొదలైన వీధిలో పంచే క్లోరిన్ బిళ్లలు వేస్తే అరగంట ఆగాలి. మట్టి ఉన్న నీళ్లయితే ముందు తేర్చి, వడకట్టి వేయాలి. బురద రేణువుల చాటున సూక్ష్మజీవులు క్లోరిన్‌కు దొరక్కుండా తప్పించుకుంటాయి.

కానీ కాల్వలోని గొట్టాన్ని ఏ ఇల్లాలూ మార్చలేదు. అది కార్పొరేషన్ పని. ఐఎస్ 10500 ప్రమాణాన్ని పాటించి తీరాలని మన దేశంలో నీళ్లు సరఫరా చేసే సంస్థల మీద చట్టబద్ధమైన ఒత్తిడి లేదు. అది సూచనగానే ఉంది. అయినా చేయాలనుకున్న ఊళ్లు చేశాయి. ఒడిశాలోని పూరీ 2021 నుంచి ఇరవైనాలుగు గంటలూ, నేరుగా కుళాయినుంచి తాగగలిగే నీళ్లు ఇస్తోంది. లక్షల్లో యాత్రికులు వచ్చిపోయే ఊరు అది. గుంటూరు రేపే అలా మారకపోవచ్చు. కాల్వలు దాటే సర్వీసు గొట్టాలను గుర్తించి, వాటిని కాల్వకు పైగా ఎత్తి కొత్త గొట్టంతో మార్చడానికి మాత్రం పూరీ అంత డబ్బు అక్కర్లేదు. డ్రైనేజీకి రోడ్డు తవ్వే కాంట్రాక్టరు చేతిలో తాగునీటి లైను మ్యాపు ముందే ఉండాలి. తవ్విన వీధిలో, పూడ్చేలోపే, కుళాయి నీళ్లు పరీక్షించాలి.

అంతకంటే ముందు, ఇవాళే మొదలుపెట్టగలిగింది కొలత. క్లోరిన్ పరీక్ష ట్యాంకు కింద కాదు, లైను చిట్టచివరి కుళాయి దగ్గర చేయాలి. అదీ నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో. వార్డు సచివాలయాల్లో సిబ్బంది ఉన్నారు, ఓటీ సీసా పెద్ద ఖర్చు కాదు. వీధి పేరు, తేదీ, వచ్చిన అంకె రోజూ సచివాలయం గోడ మీద రాసి పెట్టాలి. సున్నా వస్తే ఆ లైను వాల్వు కట్టేసి, వీధికి ట్యాంకరు పంపి, చిల్లు దొరికేదాకా తవ్వి, లైను కడిగి, మళ్లీ 0.2 వచ్చాకే వదలాలి.